నీళ్లన్నీ నీలమే అయితే మ్యాపెందుకు?

ఫోనులో కృష్ణానది తెరిచి చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర్నుంచి ఇబ్రహీంపట్నం దాకా అంతా ఒకటే నీలం. మధ్యలో భవానీ ద్వీపం, దాని చుట్టుపక్కల కొన్ని లంకలు. ఆ నీలంలో రెండు నిలువుల లోతు ఎక్కడుందో, మోకాలి బంటి నీళ్లు ఎక్కడున్నాయో, వరదకు కొట్టుకొచ్చిన చెట్టుమొద్దు ఏ ఇసుకలో దిగబడి ఉందో వెతకండి. దొరకదు. గట్టు మీద అదే యాప్ ఎంత గడుసుగా పనిచేస్తుందో మనందరికీ తెలుసు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిందని చెబుతుంది, గవర్నరుపేటలో ఏ సందులో ఎటు తిరగాలో చెబుతుంది. పున్నమి ఘాట్ మెట్లు దిగి పడవెక్కగానే దానికి నోరు పడిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చెరువైనా, రిజర్వాయరైనా, బ్యారేజీ వెనక నిలబడ్డ నదైనా సరే, జనం పడవెక్కే ప్రతి రేవులోనూ లోతులు వేసి అచ్చు వేయించిన మ్యాపు ఒకటి వేలాడాలి. ప్రతి పడవలోనూ ఒకటి ఉండాలి. దాని మీద కొలిచిన తేదీ ఉండాలి, ఏ నీటిమట్టం దగ్గర ఆ లోతులు లెక్కేశారో ఉండాలి, ఎవరు కొలిచారో ఉండాలి.

ఈ మాట అన్నప్పుడల్లా మా బావమరిది నవ్వుతాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఫోనుండగా కాగితం దేనికి బావా?" అంటాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. జీపీఎస్‌కి సిగ్నల్ టవర్‌తో పనిలేదు, మ్యాపు ముందే దించి పెట్టుకుంటే నది మధ్యలో కూడా నువ్వెక్కడున్నావో చుక్క పెట్టి చూపిస్తుంది. కాగితం ఆ పని చేయలేదు. నేనెక్కడున్నానో కాగితంలో నేనే వెతుక్కోవాలి. మంచు పట్టిన ధనుర్మాసం ఉదయాన ఆ చుక్క విలువ ఏమిటో నాకూ తెలుసు. కాబట్టి ఫోను పారేయమని నేననడం లేదు. ఆ చుక్క ఏ నీలం మీద పడుతోందో, ఆ నీలం కింద ఏముందో ఎవరైనా చెప్పారా అని అడుగుతున్నాను.

ఫోను కష్టాలు నలుగురికీ తెలిసినవే, క్లుప్తంగా అనేస్తాను. మే నెల ఎండలో కృష్ణ మీద స్క్రీను కనబడదు. తడి వేళ్లతో గీస్తే కదలదు. ఎండకు కాలిపోయి తనంతట తనే ఆగిపోతుంది. నీళ్లలో పడితే ఇక అంతే. ఇవన్నీ ఉన్నా నా అసలు ఫిర్యాదు వీటి మీద కాదు. వాటర్‌ప్రూఫ్ కవరు కొనుక్కుంటే సగం తీరిపోతాయి.

బావమరిది ఈమధ్య ఇంకో అస్త్రం తీశాడు. అమెరికాలో సముద్రాలకూ గ్రేట్ లేక్స్‌కూ చార్టులు వేసే ప్రభుత్వ సంస్థ నోవా పాతపద్ధతి కాగితం చార్టులను ఆపేస్తున్నామని 2019లో ప్రకటించి, 2024 చివరికల్లా ఆ పని పూర్తి చేసింది. "అంత పెద్ద దేశమే మానేసింది, నువ్వు పట్టుకుని వేలాడతావేంటి?" అన్నాడు. నిజమే, మానేసింది. మానేసింది కాగితాన్ని, కొలతల్ని కాదు. అక్కడ తరాల తరబడి కొలిచిన లోతులున్నాయి, వాటిని ఎలక్ట్రానిక్ చార్టుల్లోకి ఎక్కించారు, కావాలన్నవాడు తన ప్రాంతం వరకు ఇంట్లోనే ముద్రించుకునే వీలూ ఇచ్చారు. మిన్నెసోటా రాష్ట్రంలో అయితే చేపలు పట్టుకునే చిన్న చెరువులకు కూడా ప్రభుత్వ శాఖే లోతుల మ్యాపులు వేసింది. అంత ఉన్నవాడు కాగితం మానేశాడంటే అర్థం ఉంది. మనం అసలు కొలతలే జనం చేతికి ఇవ్వకుండా నేరుగా ఫోనులోకి దూకాం.

మనకు సముద్రం సంగతి చూసుకోవడానికి డెహ్రాడూన్‌లో నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ఉంది. నేల సంగతి చూసుకోవడానికి 1767 నుంచి సర్వే ఆఫ్ ఇండియా ఉంది. కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు నాలుగో జాతీయ జలమార్గంలో భాగం, సరుకు పడవల కోసం దారి తవ్వే పని కూడా మొదలైంది. లోతు కొలవకుండా అలాంటి పని ఎవరూ మొదలుపెట్టరు. కానీ నేను ఎక్కి దిగిన ఏ రేవులోనూ ఆ అంకెలు గోడ మీద కనబడలేదు. టికెట్ ధరల బోర్డు కనబడింది, సెల్ఫీ పాయింటు కనబడింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికొస్తాను. రిజర్వాయరు అడుగున ఏముందో చూపించే మ్యాపు మనకు ఎప్పుడో అచ్చయి ఉంది. ఎవరూ దాన్ని అలా చూడరు, అంతే.

నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. కాలువలకు నీళ్లొదిలింది 1967 ఆగస్టులో. అంతకుముందు అక్కడ లోయ ఉంది, ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, ఇక్ష్వాకుల విజయపురి శిథిలాలున్నాయి. ఆ లోయను సర్వేవాళ్లు నేల మీద నడిచి కొలిచారు, అంగుళానికి మైలు లెక్కన షీట్లు వేశారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరుగారి దగ్గర అలాంటి షీటు ఒకటి చూశాను. వెనక గుడ్డ అంటించి ఉంది, మడతల దగ్గర కాగితం దూదిలా లేచింది. నది సన్నగా పారుతోంది. దాని ఒడ్డున ఊరి పేర్లు, కాలిబాట చుక్కలు, బావి గుర్తులు, గుడి గుర్తులు. 50 అడుగులకొకటి చొప్పున గోధుమరంగు కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. ఆ గీతల మధ్యగా ఆయన ఎప్పుడో నీలం పెన్సిలుతో ఒక గీత తీశారు, కొండల నడుములు చుట్టుకుంటూ. "ఇదేనయ్యా 590" అన్నారు.

సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. షీటులో 550 గీత ఉంటుంది, 600 గీత ఉంటుంది, 590 ఉండదు. ఆ రెంటి మధ్య వాలు చూసి అంచనాగా గీసుకోవాలి. గీశాక ఆ గీత లోపలున్నదంతా చెరువు. లోపలున్న గోధుమరంగు గీతలన్నీ ఇప్పుడు నీటి అడుగు ఎత్తులు.

లెక్క చాలా తేలిక. వానాకాలంలో మన తెలుగు పేపర్లు తెరిస్తే శ్రీశైలం ఇంత, సాగర్ ఇంత అని రోజూ నీటిమట్టాలు వేస్తాయి. రైతులు చూస్తారు, మిగతావాళ్లం పేజీ తిప్పేస్తాం. పడవెక్కేవాడికి ఆ అంకె బంగారం. ఇవాళ సాగర్ 560 అడుగులు అని పేపర్లో ఉంది అనుకోండి. మీ లాంచీ పోతున్నచోట పాత షీటులో 500 గీత ఉంటే కింద 60 అడుగుల నీళ్లు. 550 గీత ఉన్నచోట పదడుగులే. నెల తిరిగేసరికి మట్టం 545కి దిగితే అక్కడ గుట్ట నెత్తి బయటపడి కనబడుతుంది. కనబడినప్పుడు దానివల్ల భయం లేదు. 552 దగ్గర, పైన రెండడుగుల నీళ్లు కప్పుకుని ఉన్నప్పుడే అది పడవ అడుగు చీలుస్తుంది. కాలువలకు వదలడానికి కనీస మట్టం 510 అడుగులంటారు. అంటే పూర్తి మట్టానికీ దానికీ 80 అడుగుల తేడా. ఏ నెలలో వెళ్లారన్నదాన్ని బట్టి మీరు వేరే చెరువులో ఉన్నట్టే. ఫోను మ్యాపులో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే ఒడ్డు.

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లి, అక్కడ లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయినవాళ్లు చాలామందే ఉంటారు. కొండ పేరు పెట్టుకున్న ఆ దీవి ఒకప్పుడు నిజంగా కొండే. 1954 నుంచి 1960 దాకా లోయలో తవ్వకాలు జరిపి, మునిగిపోయేవాటిలో కొన్నిటిని దాని మీదికి ఎక్కించారు. ఈమధ్య ఆ షీటు జిరాక్సు ఒళ్లో పెట్టుకుని లాంచీలో కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఒకావిడ మాచర్ల నుంచి మనవళ్లతో వచ్చింది. "అదేంది బాబూ, పొలం పటమా?" అంది. కాదమ్మా, ఇప్పుడు మనం పోతున్న చోటే, కింద ఇదిగో ఈ బావి ఉండేది అని చూపించాను. ఆమె కాసేపు కాగితం చూసి, కాసేపు నీళ్లు చూసి, చిన్న మనవడి చొక్కా గట్టిగా పట్టుకుంది.

ఈ పాత షీటుకు ఒక తిరకాసుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా పేరుకున్న పూడిక దానిలో లేదు. అందువల్ల అది చెప్పే లోతును "ఇంతకు మించి ఉండదు" అని చదువుకోవాలి, "ఇంత కచ్చితంగా ఉంటుంది" అని కాదు. ఇంకోటి, ఇప్పటి 1:50,000 షీట్లలో (కాగితం మీద సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు) కాంటూర్లు మీటర్లలో ఉంటాయి, డ్యాముల మట్టాలు మన దగ్గర అడుగుల్లోనే చెబుతారు. 590 అడుగులంటే దాదాపు 179.8 మీటర్లు. కాగితం అంచున ఈ మార్పిడి ముందే రాసి పెట్టుకోవాలి, పడవ ఊగుతుంటే 3.28తో భాగించడం ఎవరివల్లా కాదు.

విజయవాడ దగ్గర కథ వేరు. బ్యారేజీ వెనక నీళ్లు సాగర్‌లా 80 అడుగులు ఆడవు. పూర్తి మట్టం 57.05 అడుగులు, కాలువల కోసం, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను కోసం చాలా కాలం దానికి దగ్గర్లోనే ఉంచుతారు. నిల్వ మూడు టీఎంసీలు కాస్త పైన, అంతే. ఇక్కడ మారేది నీటిమట్టం కన్నా అడుగు. ప్రతి వరదా ఇసుకను ఇక్కడ తీసి అక్కడ పెడుతుంది. అందుకే ఇక్కడ పాత షీటు అక్కరకు రాదు, మనమే కొలవాలి.

ఆధారం మ్యాపుకు ఇబ్బంది లేదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు ఇప్పుడు ఉచితంగా దించుకోవచ్చు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక, మ్యాపు తయారుచేయడానికి మనవాళ్లకు ముందస్తు అనుమతుల గొడవా లేదు. చిన్న చిక్కల్లా ఏమిటంటే మన బ్యారేజీ దాదాపు 16 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీదే ఉంది, షీటు అంచూ అదే. పాత నంబర్లలో చెబితే ఎగువ భాగం 65డి/10లో, దిగువకు పోతే 65డి/11లో. ఎవరికి కావలసిన చెరువైనా రెండు షీట్ల అంచునే పడడం ఏదో శాపం అనుకుంటాను.

మేం కొందరం కలిసి, చేపలు పట్టే ఒకాయన పడవ మాట్లాడుకుని భవానీ ద్వీపం చుట్టూ కొలిచాం. లోతు తక్కువైన చోట గెడ, లోతైన చోట నైలాను తాడుకు కట్టిన ఇనుప దిమ్మె. నూలు తాడు పనికిరాదు, తడిస్తే కుదించుకుపోయి అంకెలు అబద్ధం చెబుతాయి. దిమ్మె అడుగున గ్రీజు పూస్తే అడుగు ఇసుకో బురదో అంటుకుని వస్తుంది, లంగరు ఎక్కడ నిలుస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఓడలవాళ్లు ఎప్పటినుంచో చేసే పనే. సముద్రపు చార్టుల్లో ఇంకో మంచి అలవాటుంది. లోతును తక్కువ నీటిమట్టం లెక్కన వేస్తారు. నిజంగా వెళ్తే కాగితంలో ఉన్నదానికన్నా ఎక్కువ నీళ్లే ఉండాలి తప్ప తక్కువ ఉండకూడదని. మేమూ 57.05 కాకుండా 55 అడుగుల లెక్కన వేశాం. కొలిచిన రోజు మట్టం 56 ఉండి తాడు ఎనిమిది చూపిస్తే, కాగితం మీద ఏడు.

దాన్ని ఫ్లెక్సీ మీద ముద్రించాం. విజయవాడలో ఉండి తడవని కాగితం కోసం వెతుక్కోవడం ఏమిటి? పుట్టినరోజు బ్యానర్లు వానలో నెలల తరబడి కరెంటు స్తంభాలకు వేలాడుతూనే ఉంటాయి కదా. షాపులో కుర్రాడు ఫైలు తెరిచి ఎటు చూడాలో తెలియక, "ఫొటో ఎవరిది పెట్టమంటారన్నా?" అన్నాడు. ఫొటో లేదు, పేర్లు లేవు అంటే అతనికి నచ్చలేదు. ఖాళీ ఎక్కువగా ఉందని మ్యాపును అడ్డంగా సాగదీసి సైజుకు సరిపెట్టేశాడు. ద్వీపం గుమ్మడికాయలా ఉబ్బింది. అది మళ్లీ సరిచేయించి, 1:50,000 అన్న అంకె కూడా తీయించి, దాని బదులు కిలోమీటరు పట్టీ గీయించాను. మ్యాపును ఎంత పెంచినా, తగ్గించినా పట్టీ కూడా దానితోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. అంకె అలా కాదు. జిరాక్సు తీసినరోజే అబద్ధమైపోతుంది.

ఇక కాగితం మీద నేనెక్కడున్నానన్న ప్రశ్న. విజయవాడ ఈ విషయంలో అదృష్టం చేసుకున్న ఊరు. ద్వీపం దగ్గర నిలబడితే తూర్పున ఇంద్రకీలాద్రి, వాయవ్యంగా థర్మల్ స్టేషను పొగగొట్టాలు. దిక్సూచితో రెంటి దిశా చూసి, కాగితం మీద రెండు గీతలు గీస్తే ఎక్కడ కలుస్తాయో అక్కడున్నావు. రెండూ బాగా ఎడంగా ఉంటాయి కాబట్టి గీతలు శుభ్రంగా కోసుకుంటాయి. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీ అటూఇటూగానే, పడవ మీద దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బ్యాటరీ అయిపోదు, ఇంకొకరికి నేర్పడానికి పది నిమిషాలు చాలు.

ఇదంతా విని రేవులో ఒక పెద్దాయన, "మాకు తెలీని నీళ్లా ఇవి? మ్యాపులంట!" అని తీసిపారేశాడు. ఆయనకు నిజంగానే తెలుసు. నీటి మీద ముడతలు చూసి కింద మేట ఉందని చెప్పేయగలడు. నా మ్యాపులో ఉన్న మంచి అంకెలు సగం ఆయనలాంటివాళ్లు చూపిన చోట తాడు వేసి తీసినవే. కానీ ఆదివారం పూట కుటుంబాలను ఎక్కించుకునే పడవ నడిపేది ఆయన కాదు. ఆ సరంగు వేరే ఊరినుంచి పోయిన నెల పనిలో చేరి ఉండవచ్చు. పెద్దాయన తలలో ఉన్నది ఆ కుర్రాడి చేతికి ఎలా రావాలి?

2017 నవంబరు 12 సాయంత్రం ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఒడ్డు కనబడుతూనే ఉంది. మ్యాపు ఉంటే అది జరిగేది కాదని నేననను, అనడం తప్పు. ఆ పడవకు అనుమతే లేదు. లైఫ్ జాకెట్లు, లైసెన్సులు, ఎంతమందిని ఎక్కించాలన్న లెక్క, వీటి తర్వాతే మ్యాపు. కానీ పట్టిసీమ గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. పారే నీళ్లు వచ్చి నిలిచిన నీళ్లలో కలిసేచోట వేగం తగ్గి ఒండ్రు దిగుతుంది, మేట వేస్తుంది. అలాంటి చోటు ప్రతి సరంగు ముందూ ఎర్రగీతతో ఉండాలని అడగడం పెద్ద కోరికేం కాదు. బ్యారేజీకి ఎగువన కూడా అలాంటి గీతే ఒకటి కావాలి, గేట్లవైపూ రెండు కాలువల మొదళ్లవైపూ ఇక్కడినుంచి పడవ పోకూడదని. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఎగువనుంచి తెగివచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను, అంటే గేటు బరువును సరితూచే దిమ్మెలను గుద్దాయి. కొన్ని అక్కడే మునిగి రోజుల తరబడి బయటికి రాలేదు. మనిషి ఉన్న పడవైతే?

కొల్లేరు గురించి కూడా రాయాలి గానీ అది వేరే వ్యాసమంత ఉంది. ఒక్క మాట. కొల్లేరు అభయారణ్యం హద్దు ఒక కాంటూరు, ప్లస్ ఐదు అడుగులది, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. అక్కడ తాటిదోనె వేసుకుని తిరిగేవాడికి లోతుతో పెద్ద పనిలేదు. గట్లు ఎక్కడ, కాలవ నోరు ఎక్కడ, గుర్రపుడెక్క ఎక్కడ మూసేసింది, అదే కావాలి. గుర్రపుడెక్క గాలికి రోజుకోచోటికి పోతుంది. అక్కడ మాత్రం నేను మ్యాపు గురించి మాట్లాడకుండా దోనె నడిపేవాడి మాటే వింటాను.

అదే 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు గట్లు తెగి కొల్లేటికి పోవలసిన నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చాయి. పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ అంతా చెరువే. కరెంటు లేదు, ఫోన్లకు చార్జింగు లేదు. మా పిన్నిగారు మేడ మీదనుంచి చేసిన ఆఖరి ఫోనులో, "రెండో వీధి చివర నీలం ట్యాంకు ఇల్లని చెప్పరా" అంది. తర్వాత స్విచాఫ్. బయటి జిల్లాలనుంచి వచ్చిన పడవల వాళ్లకు ఏది రెండో వీధి? నీళ్ల కింద ఏది డ్రైను, ఏది డివైడరు, ఎక్కడ కారు మునిగి ఉంది? అప్పుడు ఆ కాలనీల కాగితం మ్యాపు, మెరక వీధులు ఒక రంగులో, పల్లపు వీధులు ఒక రంగులో వేసింది, నాలుగొందల కాపీలు ఎక్కడైనా సిద్ధంగా ఉండి ఉంటే ఎంత పని జరిగేదో చెప్పక్కర్లేదు. అలాంటిది వేయడానికి వరద వచ్చేదాకా ఆగనక్కర్లేదు, వార్డు సచివాలయంలో ప్రింటరుంది.

మ్యాపు పాతబడిపోతుంది కదా అన్నది చివరి అభ్యంతరం. పాతబడుతుంది. కాగితం ఆ సంగతి దాచుకోదు, మూలన తేదీ ఉంటుంది. ఫోను మ్యాపులో ఈ ఒడ్డు ఏ ఏడాది గీశారో ఒకసారి వెతికి చూడండి. కృష్ణకు వరద ఎప్పుడొస్తుందో మనకు తెలుసు, ఎప్పుడు తగ్గుతుందో తెలుసు. ఏటా దసరా తర్వాత కొలిచి, కార్తీకమాసం రద్దీ మొదలయ్యేలోపు కొత్త ఫ్లెక్సీ కట్టి, పాతది దించేయాలి. బోటింగ్ టికెట్ల డబ్బులో దానికయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. మా మ్యాపు పెద్దాయనకు ఇచ్చి తప్పులు దిద్దమన్నాం. మార్కరుతో రెండుచోట్ల కొట్టేసి, ద్వీపం పడమటి కొసకు ఎగువన మేం ఐదు అని వేసినచోట రెండు అని రాశాడు. ఈసారి నీళ్లు తేటపడగానే ముందు అక్కడే తాడు వేస్తాం.